గడ్డ

అశోక్ నగర్ హాస్టల్, మూడో అంతస్తు బాత్రూం,
బకెట్ల సగమే నీళ్లు.
బయట ఎవరో తలుపు కొడుతున్నరు, "అయిందా లేదా?"
సబ్బు జారిన చోట వేలు ఆగింది.
ఎడమ రొమ్ముల, పైన, చంక దిక్కు,
నానబెట్టిన చింతగింజంత.
నొక్కితే పక్కకు జారుతది,
వేలు తీస్తే మళ్లీ అక్కడే.

"ఇంకో నిమిషం" అన్న.
ఆ నిమిషం పదకొండు రోజులు సాగింది.

పదకొండు రోజులు రాజ్యాంగం చదివిన.
ఆర్టికల్ ఇరవై ఒకటి, జీవించే హక్కు,
అక్కడిదాకా వచ్చి పేజీ తిప్పలేకపోయిన.
చిక్కడపల్లి లైబ్రరీల ఎదురు కుర్చీ పిల్ల
తల వంచి రాసుకుంటుంటే
ఈమెకూ ఉందేమో, చెప్తలేదేమో అనుకున్న.
రాత్రి రెండుకు దుప్పటి కింద ఫోన్ల వెతికిన.
ఫోన్ నన్ను మూడుసార్లు చంపి
ఆ తర్వాత ఒక చీర కొనమన్నది.

అమ్మకు చేసిన.
"తిన్నవా?"
"తిన్న."
"ఏం కూర?"
"ఆలుగడ్డ."
ఆ మాట దగ్గర నోరు ఎండింది.

మా భాషల అన్నీ గడ్డలే.
ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, మంచుగడ్డ,
పుట్టిన గడ్డ, పోరు గడ్డ,
మైకుల అరిచినా ఎవ్వరూ సిగ్గుపడరు.
రొమ్ము విరుచుకొని నిలబడ్డడు అంటరు మా తాత గురించి.
అదే రొమ్ము నాదైతే
ఛాతీ అంటం, పైన అంటం, ఇగో ఇక్కడ అంటం.
ఇరవై మూడేండ్లు దాన్ని చున్నీతో కప్పిన గని
పేరు పెట్టి పిలవలే.

పన్నెండో నాడు తహసీన్‌కు చెప్పిన,
వన్ బై టూ చాయ్ చల్లారేదాకా ఆగి.
అయ్యో అనలే. పైసలున్నయా అనలే.
"రేపటి గ్రాండ్ టెస్టు ఎగ్గొడదాం" అన్నది.

జీరో టికెట్ల మీద సర్కారు దవాఖానకు పోయినం.
ఓపీ చీటీ రాసేటాయన "దేనికి?" అంటే
నేను గోడ మీద బల్లిని చూస్తున్న.
తహసీన్ గొంతు లేపింది:
"రొమ్ముల గడ్డ. రాసుకోండి.
రకు ఒత్వం, మకు మావత్తు."
క్యూ మొత్తం తిరిగి చూసింది.
వెనకున్న ముసలమ్మ ఒక్కతే
"నాది కుడి దిక్కు, బిడ్డా" అన్నది, మెల్లగ.

చల్లటి జెల్. తెర మీద వానరాత్రి లెక్క గీతలు,
నడుమ నల్లగ, అడ్డంగ, నున్నటి అంచుల చిన్న చెరువు.
"ఫైబ్రోఎడినోమా" అన్నది డాక్టరమ్మ.
సిలబస్‌ల లేని మాట.
"వేలు పెడితే ఎలుకపిల్ల లెక్క ఉరుకుతది.
నీ ఈడు పిల్లలకు మస్తు మందికి ఉంటది.
క్యాన్సర్ లెక్క లేదు, అయినా సూది టెస్టు చేద్దాం."

అందరియి ఇట్లనే ఉంటయా మేడం?

దూది చేతికిచ్చింది, తుడుచుకొమ్మని.
"ఉండయి. అందుకే చూపించుకొమ్మనేది.
పదకొండు రోజులు ఎందుకాగినవ్?"

సూది రిపోర్టు మంచిగనే వచ్చింది.

నెలసరి తగ్గిన నాలుగైదు రోజులకు
ఇప్పుడు ఒక పని పెట్టుకున్న.
హాస్టల్ అద్దం మొహం పట్టేంతే,
అంచునిండ ఎవరెవరివో బొట్టుబిళ్లలు.
దాన్ని కిందికి వంచి చూసుకుంట,
చేతులు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి.
పడుకొని మూడు వేళ్ల మెత్తతోని
పిండిల ఉండలు వెతికినట్టు
సున్నాలు చుట్టుకుంట చంకదాక పోత.
ఇది ఎప్పటిది. ఇదీ ఎప్పటిదే.
కొత్తది వస్తే నాకే ముందు తెల్వాలె.
తలుపు కొడుతరు. కొట్టనీ.

ఆరు నెలలకు మళ్లీ అదే క్యూ.
చింతగింజ చింతగింజంతనే ఉంది.
ముసలమ్మ కోసం వెనక్కి తిరిగిన, కనపడలే.
ఆమె నిలబడ్డ జాగల
కాలేజీ ఐడీ కార్డు మెడల ఏసుకున్న పిల్ల,
చీటీని నాలుగు మడతలు చేసి
పిడికిట్ల పెట్టుకొని.

"కుడా, ఎడమా?" అని అడిగిన,
మెల్లగ.